డిగ్రీల్లో ముందున్నవారు జీతాల్లో ఎందుకు వెనకబడ్డారు?

చదువుకుంటే సంపాదన పెరుగుతుంది. పెద్దలు పిల్లలకు చెప్పే మాట కదా అని తీసిపారేయడానికి లేదు, అర్థశాస్త్రంలో ఇంత గట్టిగా నిలబడిన విషయాలు కొన్నే ఉంటాయి. స్త్రీలు చదువులో పురుషులను అందుకున్నారు, చాలా దేశాల్లో దాటిపోయారు. ఇదీ నిజమే. అమెరికాలో 1960లో నాలుగేళ్ల కళాశాలల నుంచి 100 మంది అమ్మాయిలు పట్టా పుచ్చుకుంటే 160 మంది అబ్బాయిలు పుచ్చుకునేవారు. 2003 నాటికి లెక్క తిరగబడి 100 మంది అబ్బాయిలకు 135 మంది అమ్మాయిలయ్యారు. ఈ రెండు నిజాలను పక్కపక్కన పెడితే స్త్రీల జీతాలు కూడా పురుషుల జీతాలను దాటి ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా జరగలేదు. ప్రపంచం మొత్తం మీద స్త్రీల వేతనాలు పురుషుల వేతనాల కంటే సగటున సుమారు 20 శాతం తక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా.

దీనికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. అంతా వివక్షేనని ఒక పక్షం, అంతా స్త్రీలు ఎంచుకున్నదేనని ఇంకో పక్షం. రెండు పక్షాలూ అంకెలు చూపిస్తాయి, ఆ అంకెలు చాలాసార్లు సరైనవే. అసలు చిక్కు వేరే చోట ఉంది. చదువు పనిచేసే చోటు ఒకటి, ఈ అంతరం పుట్టే చోటు మరొకటి.

ముందు చదువు సంగతి చూద్దాం. 1974లో జేకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్త ఒక సమీకరణానికి రూపం ఇచ్చాడు. ఒక మనిషి ఎన్నేళ్లు చదివాడు, ఎన్నేళ్ల అనుభవం ఉంది అన్న రెండు సంగతులు తెలిస్తే, అతని సంపాదన ఎంత ఉండవచ్చో అది అంచనా వేస్తుంది. అర్ధ శతాబ్దం గడిచినా దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఎన్నో దేశాల గణాంకాల మీద దాన్ని ప్రయోగించి చూస్తే, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి సంపాదన సగటున 9 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ఇది చక్రవడ్డీ లాంటి లెక్క కాబట్టి నాలుగేళ్లు ఎక్కువ చదివిన మనిషి 36 శాతం కాదు, దాదాపు 41 శాతం ఎక్కువ సంపాదిస్తాడు.

ఇక్కడే ఒక అనుమానం రావాలి. ఎక్కువ చదివినవాళ్లు చదివినందుకే ఎక్కువ సంపాదిస్తున్నారా, లేక చదవకపోయినా సంపాదించగల తెలివి, ఇంటి అండ ఉన్నవాళ్లే ఎక్కువ చదువుతున్నారా? దీన్ని తేల్చడానికి ఆర్థికవేత్తలు చేసిన ప్రయత్నాల్లో ఒకటి చెప్పుకోదగ్గది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ట్విన్స్‌బర్గ్ అనే ఊరు ఉంది. పేరుకు తగ్గట్టే అక్కడ ఏటా ఆగస్టులో కవలల ఉత్సవం జరుగుతుంది. ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్, అలన్ క్రూగర్ 1991లో ఆ ఉత్సవానికి పరిశోధక బృందాన్ని వెంటబెట్టుకొని వెళ్లారు. పుట్టుకా ఇల్లూ పెంపకమూ ఒకటే అయిన ఇద్దరిలో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ చదివి ఉంటే వాళ్ల జీతాల తేడాను చదువుకు ఆపాదించవచ్చు కదా. అయితే మనుషులు తాము ఎన్నేళ్లు చదివామో కూడా సరిగ్గా చెప్పరు. అందుకని కవలలను విడివిడిగా కూర్చోబెట్టి, ప్రతి ఒక్కరినీ తమ చదువు గురించీ తోడబుట్టినవారి చదువు గురించీ కూడా అడిగారు. ఒకరి మాటతో ఇంకొకరి మాటను సరిచూసుకున్నారు. వచ్చిన ఫలితం అందరూ అనుకున్నదానికి విరుద్ధం. చదువు విలువ తగ్గకపోగా ఏడాదికి 12 నుంచి 16 శాతం అని తేలింది. తర్వాత మరింత మంది కవలలతో చేసిన లెక్కల్లో అది 10 శాతం చుట్టుపక్కలకు దిగింది. అప్పటికీ సామాన్యమైన అంకె కాదు.

ఇండోనేసియాలో ఇంకో రకంగా తేలింది. 1973 నుంచి 1978 వరకు ఆ ప్రభుత్వం చమురు డబ్బుతో 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టించింది. ఎక్కువ బడులు వచ్చిన ప్రాంతంలో సరైన వయసులో ఉండటం పిల్లల తెలివి మీద ఆధారపడింది కాదు, అది కేవలం అదృష్టం. ఆ అదృష్టం పట్టినవాళ్ల జీతాలను ఎస్తేర్ డుఫ్లో లెక్కగట్టి, ఒక్కో ఏడాది చదువుకు 6.8 నుంచి 10.6 శాతం రాబడి ఉందని 2001లో ప్రచురించారు. చదువు నిజంగానే సంపాదన పెంచుతుందనడానికి ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం దొరకడం కష్టం. ఒక చిన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఆ అధ్యయనం లెక్కించింది మగవాళ్ల జీతాలనే. స్త్రీల జీతాలతో ఇలాంటి లెక్క ఎందుకు చిక్కుపడుతుందో కాసేపట్లో చూద్దాం.

చదువు ఎలా డబ్బు తెస్తుందన్న దాని మీద ఒక పాత తగాదా ఉంది. బడిలో నేర్చిన నైపుణ్యమే పెట్టుబడిగా మారి రాబడి ఇస్తుందని గ్యారీ బెకర్ వాదం. పట్టా అనేది యజమానికి పంపే సంకేతం మాత్రమే, ఈ మనిషి ఓపికగలవాడని, చెప్పింది పట్టుకోగలడని అది చాటుతుందని 1973లో మైకేల్ స్పెన్స్ వాదించాడు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన విషయానికి ఇద్దరి మాటలోనూ పనికొచ్చే ముక్క ఒకటే: ఏ రకంగా చూసినా చదువు బలంగా పనిచేసేది ఉద్యోగంలో అడుగుపెట్టేటప్పుడు.

శాతాలు వేరు, మొత్తాలు వేరు

ఇప్పుడు స్త్రీల దగ్గరికి వద్దాం. చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, చదువు మీద రాబడి శాతాల్లో చూస్తే స్త్రీలకే ఎక్కువ. ప్రపంచ సగటులో ఒక్కో ఏడాదికి పురుషుల కంటే స్త్రీలకు సుమారు రెండు శాతం పాయింట్లు అధికంగా వస్తాయి. ఈ మాట వినగానే కొందరు అంతరం సంగతి తీరిపోయినట్టే మాట్లాడతారు. తీరలేదు. ఊహాత్మకమైన అంకెలతో చూద్దాం. బడి చదువుతో ఆపేసిన స్త్రీ సంపాదన 100, అంతే చదివిన పురుషుడి సంపాదన 150. డిగ్రీ చదివిన స్త్రీ 150 తెచ్చుకుంటుంది, డిగ్రీ చదివిన పురుషుడు 210. స్త్రీకి చదువు 50 శాతం పెంచింది, పురుషుడికి 40 శాతమే. స్త్రీలకే లాభం ఎక్కువ అంటే నిజం. నిష్పత్తిలో అంతరం తగ్గింది, పురుషుడి ప్రతి 100కు 67 వచ్చేది 71 అయింది అంటే అదీ నిజం. చేతికొచ్చే డబ్బులో తేడా 50 నుంచి 60కి పెరిగింది అంటే అది కూడా నిజమే. చదువు స్త్రీల సంపాదనకు ఏం చేసిందన్న ప్రశ్నకు ఈ మూడింటిలో దేన్ని శీర్షికగా పెడితే పాఠకుడికి ఆ కథే మిగులుతుంది. డిగ్రీ చదివిన స్త్రీ సంపాదన బడి చదువుతో ఆపేసిన పురుషుడి సంపాదన దగ్గరే ఆగిందన్న సంగతి మూడు శీర్షికల్లోనూ లేదు.

స్త్రీలకు ఆ శాతం ఎక్కువగా ఉండటానికి గొప్ప రహస్యమేమీ లేదు. చదువు లేని పురుషుడికి గనులు, నిర్మాణం, రవాణా లాంటి చోట్ల ఒళ్లు వంచి పనిచేస్తే ఒక మోస్తరు కూలి గిట్టుతుంది. చదువు లేని స్త్రీకి దొరికే పనులు అంతకంటే తక్కువ కూలివి, చాలాసార్లు కూలే లేనివి. కింది మెట్టు అంత కింద ఉంది కాబట్టి పైకెక్కితే తేడా ఎక్కువగా కనిపిస్తుంది. పైగా చదువుతో వచ్చే కొలువుల్లో జీతాల స్కేళ్లు రాతపూర్వకంగా ఉంటాయి, ఇష్టం వచ్చినట్టు కోత పెట్టడం కొంత కష్టమవుతుంది. అంటే ఈ అధిక రాబడి స్త్రీల చదువు గొప్పతనాన్ని ఎంత చెబుతుందో, చదువు లేని స్త్రీ స్థితి ఎంత అన్యాయంగా ఉందో కూడా అంతే చెబుతుంది.

అంతరాన్ని ముక్కలు చేస్తే

1973లో రొనాల్డ్ ఓహాకా, అలన్ బ్లైండర్ విడివిడిగా ఒకే ఉపాయం కనిపెట్టారు. స్త్రీ పురుషుల జీతాల తేడాను రెండు భాగాలు చేస్తారు. చదువు, అనుభవం, వృత్తి, పరిశ్రమ లాంటి కొలవగల తేడాల వల్ల వచ్చింది ఒక భాగం. అవన్నీ సమానం చేసినా మిగిలిపోయేది రెండో భాగం. అమెరికా గణాంకాల మీద ఫ్రాన్సిన్ బ్లావ్, లారెన్స్ కాన్ 2017లో ప్రచురించిన లెక్క ఇలా ఉంది. 1980లో పురుషుడి ప్రతి 100కు స్త్రీ గంట వేతనం 62, అన్నీ సమానం చేస్తే 79. 2010లో మామూలుగా 79, అన్నీ సమానం చేస్తే 92.

ఈ లెక్కలో చదువు పాత్ర చూడండి. 1980లో పురుషుల చదువు కాస్త ఎక్కువ కావడం అంతరంలో చిన్న భాగానికి కారణంగా నిలిచింది. 2010 వచ్చేసరికి దాని గుర్తే మారిపోయింది. చదువొక్కటే చూస్తే స్త్రీలకు ఎక్కువ జీతం రావాలి. మరి కారణం దొరికిన భాగంలో పెద్ద వాటా దేనిది? ఏ వృత్తిలో, ఏ పరిశ్రమలో పనిచేస్తున్నారన్నదానిది. ఆ రెండూ కలిసి మొత్తం అంతరంలో సగం.

ఇక్కడ రెండు పక్షాలూ ఒకే తప్పు చేస్తాయి. కారణం దొరకని 8 శాతాన్ని అచ్చమైన వివక్ష అనేస్తారు కొందరు. అందులో వివక్ష ఉండవచ్చు, గణాంకాల్లో నమోదు కానివి ఇంకెన్నో కూడా ఉండవచ్చు. కారణం దొరికిన భాగాన్ని న్యాయమైన తేడాగా లెక్కగట్టేస్తారు మరికొందరు. నాకు ఇదే పెద్ద తప్పుగా తోస్తుంది. ఒక స్త్రీని పెద్ద పదవికి రానివ్వకపోతే, ఆమె జీతం తక్కువ కావడానికి పదవి చిన్నదన్న కారణం దొరుకుతుంది. లెక్క కుదిరింది, అన్యాయం ఎక్కడికీ పోలేదు.

వృత్తి ఎంపికే అన్నింటికీ మూలం అనేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1950 నుంచి 2000 వరకు అమెరికా జనగణన వివరాలను పరిశీలించి ఆసాఫ్ లెవనోన్, పౌలా ఇంగ్లండ్, పాల్ ఆలిసన్ 2009లో ఒక సంగతి బయటపెట్టారు. ఒక వృత్తిలోకి స్త్రీలు ఎక్కువగా వచ్చిన తర్వాత, చదువూ నైపుణ్యమూ సమానం చేసి చూసినా ఆ వృత్తి వేతనం తగ్గుతూ వచ్చింది. తక్కువ జీతం పనులను స్త్రీలు ఎంచుకుంటున్నారన్న మాటకు ఇది సగం అడ్డుపడుతుంది. స్త్రీలు ఎంచుకున్నందుకే జీతం తగ్గినవీ ఉన్నాయి.

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇప్పుడు. జీతాల సగటులో జీతం తీసుకునేవాళ్లే ఉంటారు. ఇటలీలో అధికారిక గంట వేతన అంతరం 5 శాతం, అంతకంటే తక్కువ. జర్మనీలో 2020 నుంచి 2023 వరకు అది 18 శాతం చుట్టుపక్కల ఉండేది. దీన్ని బట్టి ఇటలీ స్త్రీలకు స్వర్గం అనుకుంటే పొరపాటు. స్త్రీల ఉపాధి రేటులో ఐరోపా సంఘంలో అట్టడుగున ఉన్న దేశాల్లో ఇటలీ ఒకటి. తక్కువ జీతం వచ్చే స్త్రీలు చాలామంది అసలు ఉద్యోగంలోనే లేరు. మిగిలినవాళ్లు బాగా చదివి మంచి కొలువుల్లో ఉన్నవాళ్లు. వాళ్ల సగటును మగవాళ్లందరి సగటుతో పోలిస్తే అంతరం చిన్నదిగా కనిపించక ఏమవుతుంది? ఈ ఎంపిక దోషాన్ని సరిచేసే పద్ధతులకే జేమ్స్ హెక్‌మన్‌కు 2000లో నోబెల్ దక్కింది. ఏ దేశపు వేతన అంతరాన్ని చదివినా పక్కనే స్త్రీల ఉపాధి రేటు చూడకపోతే ఆ అంకె సగం అబద్ధం.

అంతరం పుట్టే చోటు

షికాగో విశ్వవిద్యాలయం నుంచి ఎంబీఏ పట్టాలు తీసుకున్నవారిని మరియాన్ బెర్ట్రాండ్, క్లాడియా గోల్డిన్, లారెన్స్ కాట్జ్ ఏళ్ల తరబడి వెంట నడిచి చూసినట్టుగా పరిశీలించారు. అదే బడి, అదే పట్టా, చదువు తేడా అనే సాకుకు తావు లేదు. ఉద్యోగంలో చేరినప్పుడు సగటున స్త్రీల వార్షిక సంపాదన 1,15,000 డాలర్లు, పురుషులది 1,30,000. తొమ్మిదేళ్ల తర్వాత స్త్రీలది 2,50,000, పురుషులది 4,00,000. చిన్న తేడాతో మొదలైంది పెద్ద అగాధమైంది. ఎక్కువ భాగానికి మూడు కారణాలు దొరికాయి: చదివేటప్పుడు తీసుకున్న పాఠ్యాంశాలూ తెచ్చుకున్న మార్కులూ, ఆ తర్వాత ఉద్యోగంలో వచ్చిన విరామాలు, వారానికి పనిచేసిన గంటలు. విరామాలు రావడం, గంటలు తగ్గడం ఎప్పుడు మొదలయ్యాయో ఊహించడం కష్టం కాదు.

డెన్మార్క్ గణాంకాలు దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. ప్రసూతి సెలవులు, చవకైన శిశు సంరక్షణ కేంద్రాలు దండిగా ఉన్న దేశం అది. హెన్రిక్ క్లేవెన్, కామిల్ లాండే, యాకోబ్ సోగార్డ్ 2019లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి బిడ్డ పుట్టేవరకు స్త్రీ పురుషుల సంపాదన గీతలు దాదాపు కలిసి నడుస్తాయి. బిడ్డ పుట్టిన ఏడాది తల్లి గీత కూలుతుంది, తండ్రి గీత కదలదు. దీర్ఘకాలంలో తల్లుల సంపాదన 20 శాతం దాకా వెనకబడి ఉండిపోతుంది, పది పదిహేనేళ్లకు కూడా కోలుకోదు. మొత్తం స్త్రీ పురుష అంతరంలో పిల్లల వల్ల వచ్చే భాగం 1980లో సుమారు 40 శాతం ఉంటే 2013 నాటికి 80 శాతమైంది. మిగతా కారణాలు కరిగిపోతున్న కొద్దీ ఇదొక్కటే ఒడ్డున రాయిలా బయటపడింది. గర్భం, కాన్పు, పాలివ్వడం వల్లే ఇదంతా అనుకోవడానికి కూడా పెద్దగా వీలు లేదు. వాళ్లే తర్వాత దత్తత కుటుంబాలను పరిశీలిస్తే, దత్తత తల్లుల సంపాదన కూడా దీర్ఘకాలంలో దాదాపు అంతే పడిపోయింది.

ఇందులో తల్లి తీసుకునే నిర్ణయం ఎంత, యజమాని తీసుకునేది ఎంత? షెల్లీ కొరెల్, స్టీఫెన్ బెనార్డ్, ఇన్ పైక్ 2007లో ప్రచురించిన ప్రయోగం రెండో సగాన్ని పట్టుకుంది. అర్హతలు సమానమైన రెండు దరఖాస్తులు నిజమైన ఉద్యోగ ప్రకటనలకు పంపారు. ఒకదానిలో మాత్రం తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ కలిసి నడిపే సంఘంలో ఆమె పనిచేస్తోందని ఒక్క వాక్యం, అంటే పిల్లలున్న సూచన. పిల్లలు లేని స్త్రీలకు వచ్చిన పిలుపులు తల్లులకు వచ్చిన వాటి కంటే రెండింతలకు పైగా ఉన్నాయి. తండ్రులకు ఈ శిక్ష పడలేదు. తల్లి ఇంకా సెలవు అడగలేదు, గంటలు తగ్గించమనలేదు, ఉద్యోగంలో చేరనే లేదు.

దీనికి అటు చివర ఊబర్ డ్రైవర్ల లెక్క ఉంది. అమెరికాలో పది లక్షలకు పైగా డ్రైవర్ల సంపాదనను పరిశీలించి 2021లో ప్రచురించారు. అక్కడ జీతం నిర్ణయించేది దూరం, సమయం, గిరాకీ లెక్కలు వేసే సూత్రం. డ్రైవరు స్త్రీనా పురుషుడా అన్నది దానికి తెలియదు. బేరం లేదు, పైఅధికారి లేడు. అయినా గంటకు 7 శాతం అంతరం వచ్చింది. దాదాపు సగానికి కారణం పురుషులు బండి వేగంగా నడపడం. మిగిలింది అనుభవం, నడిపే ప్రాంతాలు. వివక్ష లేదనడానికి దీన్ని చూపించేవాళ్లు ఉన్నారు. నిజానికి ఇది చెప్పేది అంతకంటే చిన్న విషయం: వివక్షకు తావు లేని చోట కూడా అంతరం పూర్తిగా పోదు, కానీ చాలా తగ్గుతుంది.

బేరం సంగతి కూడా చెప్పుకోవాలి. స్త్రీలు జీతం గట్టిగా అడగరన్నది బాగా నలిగిన మాట. ఆండ్రియాస్ లైబ్రాంట్, జాన్ లిస్ట్ చేసిన ప్రయోగంలో, జీతం మాట్లాడుకోవచ్చని ప్రకటనలో స్పష్టంగా రాస్తే బేరమాడటంలో స్త్రీ పురుషుల తేడా మాయమైంది. రాయనప్పుడే పురుషులు ఎక్కువగా అడిగారు. స్త్రీలకు ధైర్యం పాఠాలు చెప్పడం కంటే ప్రకటనలో ఒక వాక్యం చేర్చడం తేలిక. జీతాలు బయటపెట్టించడం మరో మార్గం. డెన్మార్క్ 2006లో ఒక పరిమాణం దాటిన సంస్థలు స్త్రీ పురుషుల జీతాలను విడివిడిగా చూపాలని చట్టం చేసింది. అంతరం తగ్గింది, అయితే ప్రధానంగా పురుషుల జీతాల పెరుగుదల నెమ్మదించడం వల్ల తగ్గింది. చట్టం గెలిచిందనాలా లేదా అన్నది ఎవరి జేబు వైపు నుంచి చూస్తున్నామన్న దాని మీద ఉంటుంది.

2023లో నోబెల్ అందుకున్న గోల్డిన్ ఈ చిక్కుముడికి చూపిన కొస వేరే ఉంది. కొన్ని ఉద్యోగాలను ఆమె ఆశపోతు ఉద్యోగాలంటారు. న్యాయ సంస్థలు, పెట్టుబడి బ్యాంకుల్లో వారానికి 60 గంటలు పనిచేసే మనిషికి 30 గంటల మనిషి కంటే రెండింతలు కాదు, అంతకంటే చాలా ఎక్కువ ముడుతుంది. ఎందుకంటే ఆ కక్షిదారు వ్యవహారం ఆ ఒక్కరికే తెలుసు, రాత్రి పదకొండింటికి ఫోను చేస్తే ఎత్తాల్సింది ఆ ఒక్కరే. పిల్లలున్న దంపతులిద్దరూ అలాంటి ఉద్యోగాలే చేస్తే ఇంటికి ఎవరూ ఉండరు. ఇద్దరూ మానేస్తే ఇంటి ఆదాయం బాగా పడిపోతుంది. కాబట్టి ఒకరు అటు, ఒకరు ఇటు. ఇటు వచ్చేది ఎవరో మనకు తెలుసు. ఇద్దరి చదువూ సమానమే అయినా ఈ పంపకం ఆగదు. ఇంకో పట్టా తెచ్చుకున్నంత మాత్రాన కూడా ఆగదు.

ఆగిన చోటు ఒకటి ఉంది, అది మందుల దుకాణం. అమెరికాలో ఒకప్పుడు ఫార్మసిస్టులంటే ఎక్కువగా మగవాళ్లు, చాలామంది సొంత దుకాణదారులు. తలుపు తీసేదీ వేసేదీ వాళ్లే, అవసరానికి పలికేదీ వాళ్లే. తర్వాత గొలుసు దుకాణాలు, ఆసుపత్రులు ఆ వ్యాపారాన్ని తీసుకున్నాయి. మందులు ముందే తయారై వస్తున్నాయి. రోగి వివరాలు కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి పొద్దున ఇచ్చిన మందు గురించి సాయంత్రం వచ్చిన ఫార్మసిస్టు కూడా చెప్పగలరు. ఒకరి స్థానంలో ఇంకొకరు నిలబడగలిగినప్పుడు అదనపు గంటలకు అదనపు ధర పలకదు. సగం గంటలు పనిచేస్తే దాదాపు సగం జీతం వస్తుంది, అంతకంటే తగ్గదు. ఇప్పుడు ఆ వృత్తిలో సగానికి పైగా స్త్రీలే. స్త్రీలు రావడంతో జీతం పడిపోయిందా అంటే, పైన చెప్పిన ధోరణికి ఎదురుగా, ఇతర వృత్తి నిపుణులతో పోలిస్తే వాళ్ల జీతాలు పెరిగాయి. స్త్రీ పురుషుల అంతరం అతి తక్కువగా ఉన్న ఉన్నత వృత్తుల్లో అదొకటైంది. ఈ మార్పును స్త్రీల కోసం ఎవరూ తలపెట్టలేదు, ఏ చట్టమూ తేలేదు. వ్యాపారం నడిచే తీరు మారింది, దానితో గంటల ధర మారింది.